అంపైర్ నిలబడిన వైపు

ఆ ఏడు ఆల్డర్‌షైర్ క్రికెట్ జట్టుకు ఎదురు లేకపోయింది. వానల్లో మొదలైన మే నెల నుంచి ఆగస్టు దాకా ఓడింది ఒక్క ఆటే. సోమవారం మొదలయ్యే చివరి ఆట కూడా గెలిస్తే ఇంగ్లండు కౌంటీలన్నిటిలోనూ మనమే మొదటివాళ్ళమని పత్రికలు రాస్తాయని ఊరంతా ఎదురుచూస్తోంది. ఆ గెలుపులన్నీ ఇంచుమించు ఒక్క మనిషి కుడిచేతి మీద నిలిచినవే. అతను ఆమోస్ పెక్, చిన్నప్పుడు మేజోళ్ళు అల్లే మగ్గాల దగ్గర పనిచేసినవాడు. బుధవారం సాయంత్రం ఆ చేతిలోంచి వెళ్ళిన బంతి పక్క కౌంటీ ఆటగాడు సేత్ లమ్లీ కణతకు తగిలింది. సేత్ కూడా ఆమోస్ లాంటివాడే, జీతానికి ఆడేవాడు. నలుగురు కలిసి అతన్ని మైదానం పక్కనే ఉన్న నల్లహంస సత్రం మేడగదిలోకి మోసుకెళ్ళి పడుకోబెట్టారు. అతని జట్టు రైలెక్కి వెళ్ళిపోయింది. శనివారం తెల్లవారినా అతను కళ్ళు తెరవలేదు.

ఆ శనివారం పొద్దున ఆమోస్ ఇంట్లో చొక్కా గురించి గొడవ జరిగింది.

ఉన్ని చొక్కాను గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి, పిండకుండా వత్తాలి, నీడలో ఆరవెయ్యాలి. ఆమోస్ భార్య కెజియా ఈ మూడింటిలో ఏదీ ఎన్నడూ తప్పలేదు. కానీ బుధవారం నాటి చొక్కాకు సేత్ రక్తం అంటింది. మరక పోతుందనుకుని కెజియా తల్లి దోర్కస్ దాన్ని దుప్పట్లతో పాటు కాగులో వేసి ఉడకబెట్టింది. మరక గోధుమరంగుకు తిరిగి అలాగే ఉండిపోయింది. చొక్కా మాత్రం కుంచించుకుపోయింది.

ఆమోస్ దాన్ని తొడుక్కుని వంటింటి నడుమ నిలబడ్డాడు. "ఇది నాకు కుట్టిందేనా, లేకపోతే వీధిలో దిష్టిబొమ్మకా?" అన్నాడు.

"రక్తపు మరకకు చన్నీళ్ళు వాడాలి. అమ్మ వేణ్ణీళ్ళు వాడింది," అంది కెజియా.

"నా తప్పే," అంది దోర్కస్ పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే. "ఈ ఊళ్ళో జరిగే తప్పులన్నీ నావే. ఇవాళ పొద్దు ఆలస్యంగా పొడిచింది, అదీ నేనే."

కెజియా బీరువాలోంచి నిరుటి చొక్కా తీసి ఇచ్చింది. ఆమోస్ దాన్ని తొడుక్కుని కుడిచేతిని పట్టుకుని చూసి, మోచెయ్యి దగ్గర పలచబడిందనీ, అతుకు వేసినచోట బిగిసిందనీ, సోమవారంలోగా కొత్తది కుట్టి తీరాలనీ అన్నాడు. రేపు ఆదివారమనీ, ఆదివారం సూది పట్టనని అతనికీ తెలుసుననీ ఆమె గుర్తుచేసింది. అయితే ఇవాళే కుట్టమన్నాడు. రెండు వేళ్ళ బిగుతుకు ఇంత రభస ఏమిటని ఆమె అడిగింది. "ఎడంచెయ్యీ బిగిసింది కదా, దాని గురించి ఒక్కమాటా లేదేం?"

ఆమోస్ చొక్కా విప్పి కుర్చీ మీద పడేసి, వట్టి బనీనుతోనే పెరట్లోకి వెళ్ళిపోయాడు.

కెజియా ఆ చొక్కాను మడిచి పెట్టింది. బుధవారం నుంచి అతను సేత్ పేరు ఎత్తలేదు. ఏడవలేని మగవాళ్ళు చొక్కాల మీద పడతారని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. కుడిచెయ్యి వదులుగా ఉండాలన్నది అసలు అతని మాట కాదు, ఆమె తండ్రి మాట. పెళ్ళయిన మొదటి వసంతంలో కౌంటీ అంపైర్‌గా నిలబడే రూబెన్ త్రాస్బీయే వచ్చి చెప్పాడు. వేగంగా బంతి వేసేవాడికి చెయ్యి ఆడాలి తల్లీ, కుడివైపు కాస్త గుడ్డ ఎక్కువ వదిలి కుట్టు, అని. అప్పటి నుంచి ఏటా అలాగే కుడుతోంది.

ఆమె బార్లీ గంజి గిన్నెకు గుడ్డ కట్టి సత్రానికి బయలుదేరింది. గురువారం నుంచి రోజూ వెళ్తోంది. సేత్ భార్య ఎలెన్ గురువారం రైలులో వచ్చి అప్పటినుంచి ఆ గది వదల్లేదు.

ఎలెన్ మంచం పక్కన కూర్చుని, కోడి ఈకను నీళ్ళలో ముంచి భర్త పెదవులు తడుపుతోంది. వయసులో కెజియా కన్నా పెద్దది, ఎముకలు తేలిన మనిషి. గంజి తీసుకుని పక్కన పెట్టింది. డాక్టరు వచ్చి వెళ్ళాడని చెప్పింది. ఆయన ఏమన్నాడో చెప్పలేదు. సేత్ ఊపిరి తీసే చప్పుడు గదిలో ఒక మూల నుంచి మరో మూలకు ఏదో బరువును ఈడుస్తున్నట్టు వినిపిస్తోంది.

"నీ మొగుడు మంచోడే అన్నారు," అంది ఎలెన్. "మోసుకొచ్చిన నలుగురిలో తనే ముందున్నాడట."

కెజియా తల ఊపింది.

"ఒక మాట అడుగుతాను. నువ్వు బట్టలు ఆరేసుకునేదానివి కాబట్టి నీకు తెలుస్తుంది. బుధవారం గాలి ఎటునుంచి వీచింది?"

కెజియాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. దుప్పట్లు చర్చి గోడ మీదికి ఎగిరి పడుతుంటే రెండుసార్లు పరుగెత్తింది. "మిల్లు వైపు నుంచి," అంది.

"మరి నీ మొగుడు ఎటునుంచి వేశాడు?"

"చర్చి వైపు నుంచి."

"గాలికి ఎదురుగా." ఎలెన్ ఈకను మళ్ళీ ముంచింది. "వేగంగా వేసేవాడు ఎవడైనా గాలిని వీపున పెట్టుకుంటాడు. ఇదే ఆటలో మొన్న సోమవారం అదే పెక్ మిల్లు వైపు నుంచి వేశాడట, అప్పుడూ గాలి అదే. మా ఆయన నవ్వేవాడు. పెక్ ఎటునుంచి వేస్తాడో తెలియాలంటే జెండా చూడకండి, ముసలి త్రాస్బీ ఎక్కడున్నాడో చూడండి, అని. మా జట్టువాళ్ళ గదిలో ఇది పాత నవ్వులాటే. నీకు తెలీదా?"

కెజియాకు తెలియదు. కానీ ఆ మాట అర్థం కావడానికి ఆమెకు ఎవరూ ఏమీ విడమరచి చెప్పనక్కర్లేదు. అంపైర్ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. ఏ కౌంటీ అంపైర్‌ను ఆ కౌంటీయే వెంట తెచ్చుకుంటుంది. చెరో వైపు ఒకరు నిలబడతారు. రెండు జట్లూ ఒక్కోసారి ఆడి ముగించాక వైపులు మార్చుకుంటారు. బంతి వేసే చెయ్యి సక్రమంగా తిరిగిందా, రాయి విసిరినట్టు విసిరిందా అని తేల్చే హక్కు ఆ వైపున్న అంపైర్ ఒక్కడిదే. విసిరితే నోబాల్ అని పిలవాలి. అవతలి వైపు వాడు కళ్ళారా చూసినా నోరెత్తకూడదు. తండ్రి మిల్లు వైపుంటే ఆమోస్ మిల్లు వైపు నుంచి వేస్తాడు. తండ్రి చర్చి వైపుకు మారితే ఆమోస్ కూడా మారతాడు, ఎదురుగాలి మొహాన కొడుతున్నా.

అలాంటి రోజుల్లో అతను భుజం పట్టేసి ఇంటికి వచ్చేవాడు. ఆమె బాతుకొవ్వు రాసి మర్దన చేస్తూ, గాలికి ఎదురుగా ఎందుకు వేశావయ్యా అని అడిగేది. కెప్టెన్ దొర చెప్పాడనేవాడు.

"గంజి చల్లారకముందే తాగు," అని చెప్పి కెజియా లేచింది. మెట్లు దిగి నేరుగా మైదానంలోకి నడిచింది.

రూబెన్ మైదానం నడుమ ఉన్నాడు. ఆటలు లేని రోజుల్లో ఆ పచ్చికను చూసుకునేదీ ఆయనే. మైదానం అంచున వాళ్ళు నలుగురూ ఉంటున్న ఇల్లు కూడా ఆ కొలువుతో వచ్చిందే. సోమవారం ఆటకు కొత్త చోటును దున్నపోతులా రోలరు లాగి చదును చేసి, ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని సున్నంతో గీత గీస్తున్నాడు. ఎత్తైన మనిషి, తెల్లటి గడ్డం. ఒకసారి తమ కెప్టెన్ ఫెన్విక్ దొరకే కాలు అడ్డం పెట్టాడని వేలెత్తి బయటికి పంపాడు. దొర ఏడాది పాటు పలకరించలేదు. త్రాస్బీ వేలెత్తితే బిషప్పు కూడా ఇంటికి నడవాల్సిందే అని ఊళ్ళో అనుకుంటారు.

కెజియా గీత తొక్కకుండా ఆగింది. "నాన్నా, లేచి నీ చోట్లో నిలబడు."

ఆయన సున్నపు కుంచె కింద పెట్టాడు. కూతురి మొహం చూశాడు. లేచి వికెట్ల వెనక, రోజూ నిలబడేచోట నిలబడ్డాడు.

"అక్కణ్ణుంచి ఏం కనబడుతుంది?"

"కాలు. గీత దాటిందా లేదా అని."

"ఇంకేం కనబడదా?"

"కెజ్జీ, సత్రంలో ఆవిడ ఏదో అన్నట్టుంది. మొగుడు ఆ స్థితిలో ఉన్నవాళ్ళు ఏదైనా అంటారు. అనాలి కూడా."

"నేను ఆమోస్ చొక్కాలు బాగుచేస్తున్నాను ఇన్నేళ్ళుగా," అంది కెజియా. "వేరే ఆటగాళ్ళ భార్యలు కుట్టేది భుజం దగ్గర. చెయ్యి గిర్రున తిరుగుతుంది కాబట్టి చంక దగ్గర కుట్టు తెగుతుంది. నేను ఎప్పుడూ అక్కడ కుట్టలేదు. ప్రతి ఏడూ మోచెయ్యి దగ్గరే గుడ్డ పలచబడుతుంది. అక్కడ చెయ్యి వంచి విదిలిస్తుంటేనే కదా అలా అవుతుంది. నేను చూసి ఊరుకున్నాను. నువ్వు ఇక్కణ్ణుంచి చూసి ఊరుకున్నావు. ఆ వంపు కనబడకుండా గుడ్డ ఎక్కువ వదలమన్నది నువ్వు."

రూబెన్ గొంతులో కోపం లేదు, ఏ కుర్రవాడికో ఆట నేర్పుతున్నట్టుంది. ఆమోస్ చెయ్యి చిన్నప్పుడు మగ్గాల అటక మీంచి పడి విరిగిందని, ఎముకలకు కట్టు కట్టేవాడు సరిగ్గా కట్టలేదని, అది పూర్తిగా సాగదని ఆమెకు తెలిసిందే అన్నాడు. ఆ చేత్తో మగ్గం నడపలేడు, బొగ్గు తవ్వలేడు. బంతి ఒక్కటే వెయ్యగలడు. ఇంగ్లండు మొత్తంలో ఏ అంపైరూ సొంత కౌంటీవాణ్ణి పిలవలేదు, పిలిచినవాడికి మరుసటి ఏడు తెల్లకోటు ఇవ్వరు. ఇవన్నీ ఆయన ఒకదాని వెనక ఒకటి చెప్పుకుపోయాడు.

"ఇంకో సంగతి," అన్నాడు. "ఆటలో అంపైర్ చూసింది లెక్క కాదమ్మా. పిలిచింది లెక్క. పిలవని బంతి సక్రమం. దేవుడొచ్చి చెప్పినా అంతే."

"అది వెళ్ళి సేత్‌కు చెప్పు నాన్నా."

ఆయన మొహం సత్రం వైపు తిరిగింది. ఆమె కూడా చూసింది. మేడగది కిటికీలో ఎవరిదో చెయ్యి కనబడింది. తెర మెల్లగా కిందికి జారింది, అడుగు దాకా. తర్వాత పక్క కిటికీది. తర్వాత కింది అంతస్తులో ఒక్కొక్కటీ. పట్టపగలు ఒక ఇంట్లో తెరలన్నీ దిగాయంటే లోపల ఎవరో పోయినట్టే; ఆ ఊళ్ళో ఎవరూ ఎవర్నీ ఏమైందని అడగరు.

రూబెన్ టోపీ తీశాడు. తీసినవాడు మళ్ళీ పెట్టుకోవడం మరచిపోయి, దాన్ని చేతిలో పట్టుకునే ఇంటికి నడిచాడు. గీత సగంలో ఆగిపోయింది.

సాయంత్రంలోగా ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు. మొదట కానిస్టేబుల్. సోమవారం పొద్దున సత్రంలోనే మరణ విచారణ జరుగుతుందనీ, రూబెన్ ముఖ్యసాక్షి అనీ, ఆమోస్ కూడా రావాలనీ చెప్పి, దోర్కస్ ఇచ్చిన టీ నిలబడే తాగి వెళ్ళాడు. తర్వాత ఫెన్విక్ దొర. ఆయన ముందుగదిలో కూర్చుని, సేత్ కుటుంబాన్ని క్లబ్బు చూసుకుంటుందన్నాడు. అంతా ఆటలో జరిగే దురదృష్టమే అన్నాడు. రూబెన్ మాట ఒక్కటి చాలు, బంతి సక్రమం అంటే జూరీ పావుగంటలో లేస్తుంది, మధ్యాహ్నం ఆటకు అందరం సమయానికి ఉంటాం అన్నాడు. సక్రమం కాదని తేలితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. తలుపు దగ్గర కాపలా కాసినట్టు నిలబడ్డ కెజియాకు ఆ చెప్పని సంగతి స్పష్టంగానే వినబడింది. ఆట చట్టం ప్రకారం వేసిన బంతికి మనిషి చస్తే అది ప్రమాదం. చట్టం ఒప్పుకోని బంతికి చస్తే, దాన్ని విసిరినవాడు సెషన్స్ కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

దొర వెళ్తూ ఆమోస్ భుజం తట్టాడు. కుడి భుజమే తట్టాడు, గుర్రాన్ని తట్టినట్టు.

చీకటి పడకముందు కెజియా వెనకగుమ్మం మెట్టు మీద భర్త పక్కన కూర్చుంది. అతను బంగాళాదుంపల మడి వైపు చూస్తున్నాడు. ఎలెన్ చెప్పింది, తండ్రి చెప్పింది, చొక్కా చెప్పింది అంతా ఆమె అతనికి చెప్పింది. అరుస్తాడనుకుంది. అరవలేదు.

"వదులుగా ఉండాలన్నాడు మామ. ఉండాలి కాబోలు అనుకున్నాను," అన్నాడు ఆమోస్. "ఎందుకని అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని."

"అయితే తెలుసు."

"తెలిస్తే బంతి వెయ్యగలిగేవాణ్ణి కాదు. తెలీకపోతే మోసం కాదు. రెంటికీ మధ్య ఎక్కడో ఉన్నానే కెజ్జీ, ఇన్నాళ్ళూ. అక్కడ చోటు బానే ఉంది."

సేత్‌ను మోసుకెళ్తున్నప్పుడు అతని బూటు ఒకటి ఊడిపోయిందనీ, ఆ కాలు తన చెయ్యికి చల్లగా తగిలిందనీ అతను చెప్పాడు.

ఆదివారం ప్రార్థన మందిరంలో వాళ్ళ నలుగురి బెంచీ చుట్టూ జనం ఎప్పటిలాగే కూర్చున్నారు, ఎప్పటికన్నా కాస్త ఎడంగా. సేత్ కోసం ప్రార్థించారు. చివరి ఆట కోసం ఎవరూ ప్రార్థించలేదు గానీ, బయటికి వచ్చాక గడప దగ్గర ముగ్గురు ఆమోస్‌ను ఆపి చెయ్యి ఎలా ఉందని అడిగారు. దిగులు పడకు, రేపు మాత్రం తప్పకుండా వెయ్యి, అన్నారు. ఆమోస్ మామతోనూ భార్యతోనూ కలిసి రాలేదు. మీరు నడవండి, వస్తాను అన్నాడు.

భోజనానికి అందరూ కూర్చునేసరికి ఒంటిగంట దాటింది. దోర్కస్ పిండి పుడ్డింగు మీద మాంసరసం పోసి వడ్డించింది. ముందు దాంతో కడుపు నింపితే తర్వాత మాంసం తక్కువతో సరిపోతుందని ఆ ఇంట్లో తరతరాల లెక్క. రూబెన్ ప్రార్థన చెప్పాడు. ఎప్పుడూ క్లుప్తంగానే చెప్పేవాడు, ఇవాళ ఇంకా క్లుప్తంగా ముగించాడు. లేచి నిలబడి కత్తికి సాన పట్టి, గొర్రెతొడ కొయ్యడం మొదలుపెట్టాడు. ముక్కలు ఎప్పటిలాగే సమంగా, పలచగా పడుతున్నాయి. కత్తి ఆపకుండానే మాట్లాడాడు.

"రేపు పొద్దున ప్రమాణం చేయించి నన్ను అడుగుతారు, ఆ బంతి సక్రమమా కాదా అని. సక్రమమే అని చెబుతాను. నేను పిలవలేదు. అంపైర్ పిలవని బంతి సక్రమం. ఇది అబద్ధం కాదు, చట్టం. ఆమోస్ జోలికి ఎవరూ రారు."

దోర్కస్ పట్టుకున్న ఊపిరి వదిలింది. కెజియా వదల్లేదు. తండ్రి కత్తి ఇంకా కిందపెట్టలేదు.

"మధ్యాహ్నం ఆట మొదలవుతుంది. ఆమోస్ మొదటి బంతి వేస్తాడు. దాన్ని పిలుస్తాను. రెండోదాన్నీ పిలుస్తాను. ఫెన్విక్ దొర వచ్చి వాడి చేతిలోంచి బంతి తీసుకునేదాకా పిలుస్తూనే ఉంటాను. తర్వాత ఈ ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్తాం."

కెజియా ఆ మాటల్ని మనసులో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది. తండ్రి రాత్రంతా కూర్చుని పాపాన్ని రెండు ముక్కలుగా కోశాడు. పొద్దుటి ముక్క తన వంతు, దానితో అల్లుడి మెడ దక్కుతుంది. మధ్యాహ్నపు ముక్క అల్లుడి వంతు, దానితో అతని అన్నం పోతుంది. ఇంగ్లండులో మరే జట్టూ ఆ చేతికి బంతి ఇవ్వదు, మరే మగ్గమూ ఆ చేతిని రానివ్వదు. కానీ మరో మనిషి కణత మిగులుతుంది. ఆయన దృష్టిలో లెక్క సరిపోయింది. ఎక్కడా చట్టం తప్పలేదు. సేత్ మాత్రం ఆ రెండు ముక్కల్లో దేనిలోనూ లేడు. ఎలెన్ రేపు ఆ గదిలో కూర్చుని, అంతా సక్రమంగానే జరిగిందని వింటుంది.

"అది నిజం కాదు నాన్నా," అంది కెజియా.

"అబద్ధమూ కాదు," అన్నాడు రూబెన్. "నాకు చేతనయింది ఇంతే తల్లీ."

ఆమోస్ అంతవరకూ పళ్ళెం వైపే చూస్తున్నాడు. అతని మొహంలో నిన్నటి కలవరం లేదు. కెజియాకు అది బాగనిపించలేదు.

"మామా, బంతి వేసేటప్పుడు నా చెయ్యి నాకు కనబడదు," అన్నాడు. "ఎవడి చెయ్యీ వాడికి కనబడదు. నేను వెనక్కి తిరిగి చూస్తే నువ్వుండేవాడివి. నువ్వు నోరు మెదపలేదు కాబట్టి బానే ఉంది అనుకునేవాణ్ణి. నీ మౌనమే నాకు చట్టం."

"అందుకే రేపు..."

"నన్ను చెప్పనీ. ఇందాక నేను కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళాను. రేపు మా మామకన్నా ముందు నన్ను పిలవండి అని చెప్పాను. పిలుస్తానన్నాడు."

రూబెన్ చేతిలో కత్తి ఆగింది. "నువ్వేం చెబుతావురా?"

"నాకు తెలీదని చెబుతాను. ఆ చెయ్యి ఎలా తిరుగుతుందో నేను ఎన్నడూ చూడలేదని చెబుతాను. చూసినవాడు ఒక్కడున్నాడు, ఆయన్ని అడగండి అంటాను. పిలిచావా లేదా అని అడగొద్దు, ఏం చూశావని అడగండి. బుధవారం ఒక్కటే కాదు, మొదటిరోజు నుంచీ అడగండి, అంటాను."

దోర్కస్ అల్లుడి చెయ్యి పట్టుకుంది. ఆ మాట అంటే జైలుకు పోయేది నువ్వేనని, ఆయన ఇంత కష్టపడి దారి వెతికింది నీ కోసమేనని ఆమె గొణిగినట్టుగా చెప్పింది. కెజియా తల్లి వైపు చూడలేదు. తండ్రినే చూస్తోంది. ఎవరు ఎలా అడిగితే ఆయన ఎలా చెబుతాడో ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు. పక్కదారి ఉంటే ఆ దారిన పోగలడు. బైబిలు మీద చెయ్యి పెట్టించి మొహం మీద తిన్నగా అడిగితే, ఆయన అబద్ధమాడలేడు. ఆ సంగతి ఆమోస్‌కూ తెలుసు. తెలిసే కానిస్టేబుల్ ఇంటికి వెళ్ళాడు.

రూబెన్ కత్తిని పళ్ళెం అంచున పెట్టి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"అలా అడిగితే," అన్నాడు, "చెప్పాల్సి వస్తుంది ఆమోస్."

"తెలుసు మామా," అన్నాడు ఆమోస్. "అత్తా, ఆ ఉప్పు ఇటు జరుపు."